పరుల కష్టాలు వినేవారికి కంటినిండా నిద్ర

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెత తెలియనివారు తెలుగునాట ఉండరు. పగలంతా పొలంలో శ్రమించినవాడు గట్టుమీద తలకింద చెయ్యి పెట్టుకొని ఒరిగినా క్షణంలో గాఢనిద్రలో మునిగిపోతాడు. అయితే ఈ సామెతకు లొంగనివారు కొందరున్నారు. వారికి మెత్తని పరుపు ఉంటుంది, దోమతెర ఉంటుంది, తలపైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, ఒళ్ళంతా అలసి ఉంటుంది. నిద్ర మాత్రం రాదు. వచ్చినా నడిరేయి రెండు గంటలకు ఎవరో తట్టి లేపినట్లు మెలకువ వస్తుంది. ఆపై తెల్లవారేవరకు పగలు విన్న మాటలే చెవిలో మరల మరల వినిపిస్తూ ఉంటాయి.

పరుల కష్టాలు వినడమే వృత్తిగా గలవారిని గురించి ఈ పాఠంలో ముచ్చటిస్తున్నాము. నేడు మధ్యతరగతి కుటుంబాలలో ఎందరో ఆడపిల్లలు, మగపిల్లలు సంఘసేవాశాస్త్రంలో ఎం.ఎస్.డబ్ల్యూ. పట్టా పుచ్చుకొని మహిళా శరణాలయాలలోను, సఖి కేంద్రాలలోను, బాలల సంరక్షణ గృహాలలోను, ఆసుపత్రులలోను ఉద్యోగాలు చేస్తున్నారు. 1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద అంగన్‌వాడీ కార్యకర్తలు, 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ క్రింద ఆశా కార్యకర్తలు ఊరూరా ఉన్నారు. పట్టా ఉన్నా లేకపోయినా వీరందరూ చేసే పనిలో ఒక భాగం ఒకటే. ఎదుటి మనిషి దుఃఖాన్ని తమ కళ్ళు చెమర్చకుండా వినాలి. విన్న తరువాత ఏదో ఒక దారి చూపాలి.

రెండు సంవత్సరాల క్రితం అటువంటి సోదరి ఒకరు నా వద్దకు వచ్చారు. వయస్సు ముప్పై ఎనిమిది. ఇల్లు విడిచి వచ్చిన స్త్రీలకు ఆశ్రయమిచ్చే ఒక కేంద్రంలో కౌన్సిలరు. ‘డాక్టరుగారూ, నిద్రపట్టే చూర్ణం ఏదైనా ఇవ్వండి, రేపు ఉదయం మళ్ళీ డ్యూటీ ఉంది’ అని నిలబడే అడిగారు. కూర్చోమ్మా అన్నాను. దినచర్య అడిగి తెలుసుకున్నాను. రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరడం, వంట, పిల్లల చదువు, పదిన్నరకు భోజనం, ఆపై మంచం మీదనే ఆనాటి కేసుల వివరాలు రాసుకోవడం, తలగడ పక్కనే ఫోను. రోజుకు ఆరు కప్పుల టీ. నిద్ర మొత్తం మీద నాలుగు గంటలు, అదీ రెండు ముక్కలుగా.

ఇంతవరకు చెప్పి ఆమె ఆగిపోయారు. తరువాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. అంతకు వారం క్రితం చంటిబిడ్డను ఎత్తుకొని ఒక అమ్మాయి కేంద్రానికి వచ్చింది. మూడవసారి రావడం అది. వరుసగా మూడు రాత్రులు నిద్రలేని ఈ సోదరి, ఆ అమ్మాయి నోరు తెరవకముందే ‘ఎన్నిసార్లు చెప్పాలి నీకు? మళ్ళీ ఆ ఇంటికే ఎందుకు వెళ్ళావు?’ అని గద్దించారు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఎవరినీ అలా అనలేదట. ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. బిడ్డను భుజాన వేసుకొని వెనుతిరిగి వెళ్ళిపోయింది. అప్పటినుండి జాడ లేదు.

‘నాకు నిద్ర రాకపోవడం నా సొంత బాధ అనుకున్నాను. దానివల్ల ఆ పిల్లకు హాని జరిగింది’ అన్నారు ఆమె. ఈ మాటలోనే మన పాఠమంతా ఉంది. సేవలో ఉన్నవారు నిద్రను తమ సుఖంగా లెక్కించి, దానిని త్యాగం చేయడం పుణ్యమని భావిస్తారు. వైద్యశాస్త్రం అలా లెక్కించదు.

చరకుడు ఒకే వరుసలో నిలిపిన రెండు వేగాలు

చరకసంహిత సూత్రస్థానంలో ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరమనే ఇంటికి ఉపస్తంభాలుగా, అనగా ఆసరా స్తంభాలుగా వర్ణించారు. ఈ విషయం మన పాఠకులలో చాలామందికి విదితమే. అదే స్థానంలోని ఏడవ అధ్యాయంలో, ఆపకూడని శారీరక వేగాలు పదమూడింటిని ఆచార్యులు లెక్కించారు. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక మొదలైన వాటిని అందరూ జ్ఞాపకం పెట్టుకుంటారు గాని, ఆ జాబితాలో కన్నీరు కూడా ఉన్నదని, దాని వెనువెంటనే నిద్ర ఉన్నదని గమనించేవారు తక్కువ.

నిద్రను ఆపినవారికి ఆవులింతలు, ఒళ్ళునొప్పులు, మత్తు, శిరోరోగాలు, కన్నులు బరువెక్కడం కలుగుతాయని, దానికి నిద్ర, ఒళ్ళు పట్టించుకోవడం చికిత్సలని చెప్పారు. కన్నీటిని ఆపినవారికి పడిశం, నేత్రరోగాలు, హృద్రోగం, అరుచి, తల తిరగడం కలుగుతాయన్నారు. దీనికి ఏమి చికిత్స చెప్పారో చూడండి. నిద్ర, మద్యం, ప్రియమైన సంభాషణ. (మద్యం సంగతి ఇక్కడ విడిచిపెడుతున్నాము. అది తొలిజాములో మత్తు కలిగించి మలిజాములో నిద్రను ముక్కలు చేస్తుందని నేడు స్పష్టంగా తెలుసు.) కన్నీటిని బిగబట్టినవారికి నిద్ర ఔషధం. పరుల దుఃఖం వినే వృత్తిలో ఉన్నవారు ప్రతిదినం కన్నీటిని బిగబట్టవలసినదే, తప్పదు. అటువంటివారు ఆ ఔషధాన్ని కూడా మానివేస్తే రెండు వేగాలనూ ఒకేసారి అణచిపెట్టినవారవుతారు.

ఇరవై ఒకటవ అధ్యాయంలో నిద్ర ఎట్లా వస్తుందో చెప్పారు. మనస్సు అలసి, ఇంద్రియాలు కూడా అలసి తమ తమ విషయాల నుండి మరలినప్పుడు మనిషి నిద్రిస్తాడు. ఇందులో ‘మరలుట’ అన్నది ముఖ్యం. అలసట ఒక్కటే చాలదు. మన సోదరి విషయంలో మనస్సు, శరీరం రెండూ అలసే ఉన్నాయి. అయినా చెవి ఇంకా ఆ మాటలు వింటూనే ఉంది, కన్ను ఇంకా ఫోను చూస్తూనే ఉంది. విషయాల నుండి మరలడం జరగలేదు. నిద్ర చెడడానికి కారణాలు చెబుతూ ఆచార్యులు మొట్టమొదట పేర్కొన్నది ‘కార్యం’. కాలం, వ్యాధి, ప్రకృతి, వాతం ఆ తరువాతనే.

ఆధునికులు ఏమి కనుగొన్నారు

ఈ అలసటకు పాశ్చాత్యులు ఒక పేరు పెట్టారు. బాధితులకు తోడ్పడేవారిలో ఆ బాధ నీడలా పడడాన్ని గూర్చి అమెరికాలో చార్లెస్ ఫిగ్లీ సంపాదకత్వంలో 1995లో ఒక గ్రంథం వెలువడింది. దానిని ‘కారుణ్యపు అలసట’ అని మనం చెప్పుకోవచ్చు. 2021లో ఆ దేశపు సంఘసేవకుల జాతీయ సంఘం తన వృత్తి నీతినియమావళిని సవరించి, సేవకులు తమ ఆరోగ్యాన్ని కాపాడుకోవడం కూడా వృత్తిధర్మానికి ఆవశ్యకమని చేర్చింది. నీతి నియమాలలో ఆరోగ్య సంరక్షణ ఎందుకు అని ఎవరైనా అడిగితే, పైన చెప్పిన చంటిబిడ్డ తల్లి సంగతే సమాధానం.

2007లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, ఒక రాత్రి పూర్తిగా నిద్ర లేనివారికి బాధాకరమైన చిత్రాలు చూపినప్పుడు, మెదడులో భయకోపాలకు స్థానమైన బాదంగింజ ఆకారపు భాగం, నిద్రించినవారిలో కంటే సుమారు 60 శాతం అధికంగా ఉద్రేకించింది. దానిని అదుపులో ఉంచవలసిన ముందరి మెదడుతో దాని సంబంధం సడలిపోయింది. గద్దింపు ఎక్కడనుండి పుట్టుకొస్తుందో దీనినిబట్టి ఊహించవచ్చు. అంతకు పదేళ్ళ ముందు, 1997లో, ఆస్ట్రేలియా పరిశోధకులు మరొక విషయం తేల్చారు. వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్నవాని చురుకుదనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవానితో సమానంగా మందగిస్తుంది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములే. ఉదయం ఐదు గంటలకు లేచి రాత్రి పది దాటాక స్కూటరు మీద ఇల్లు చేరే కార్యకర్తలు ఈ లెక్కను జాగ్రత్తగా గమనించాలి.

పెద్దవారికి రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరమని 2015లో అమెరికా నిద్రావైద్య సంఘాలు నిర్ణయించాయి. నాలుగు గంటలతో సరిపెట్టుకోగలమని చెప్పుకొనేవారు, నిజానికి తమ మందకొడితనానికి అలవాటుపడినవారే.

కార్యానికి తెర దించడం ఎట్లా?

చూర్ణం కోసం వచ్చిన ఆ సోదరికి నేను మొదట చెప్పినది కలం, కాగితం సంగతి. ఆమె నమ్మలేనట్లు చూశారు.

కేసుల వివరాలు ఇంటికి తేకూడదు. కేంద్రంలోనే, బయలుదేరే ముందు పదిహేను నిమిషాలు కేటాయించి రాసి, బీరువాలో పెట్టి తాళం వేయాలి. బాధితుల గోప్యత దృష్ట్యా కూడా అదే సరియైన పద్ధతి. దానితో పాటు మరునాడు చేయవలసిన పనులను ఒక చిన్న చీటీమీద వరుసగా రాసుకోవాలి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు మనస్సు లెక్కపెట్టేది సాధారణంగా జరిగినవాటిని కంటే జరగవలసినవాటినే. ‘ఆ పోలీసు స్టేషనుకు ఫోను చేయాలి, ఈ పిల్లవాని ఆధార్ కార్డు సంగతి చూడాలి’ అని. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులపై జరిపిన ప్రయోగంలో, పడుకొనేముందు ఐదు నిమిషాలు మరునాటి పనులు రాసుకొన్నవారు, అయిపోయిన పనులు రాసినవారికంటే సుమారు 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. ఒక్క రాత్రి జరిపిన చిన్న ప్రయోగమే అది. అయినా ఖర్చు లేని చికిత్స, ఆచరించి చూడవచ్చు.

ఇల్లు చేరగానే చెప్పులు విడిచి, కాళ్ళు చేతులు ముఖం కడుక్కొని, బట్టలు మార్చుకొని గాని లోపలికి రాకూడదని మన అమ్మమ్మలు నియమం పెట్టేవారు. దానిని శుచి కోసమని మాత్రమే అనుకుంటాము. బయటి వ్యవహారానికి, ఇంటికి మధ్య ఒక గడప ఉండాలన్న వివేకం కూడా అందులో ఉంది. ఈ సోదరికి దానినే విధించాను. రాత్రి తొమ్మిది ప్రాంతంలో గోరువెచ్చని నీటితో స్నానం చేయమన్నాను. పడుకొనడానికి గంట, రెండు గంటల ముందు వెచ్చని స్నానం చేస్తే చర్మంలో రక్తప్రసారం పెరిగి, తరువాత లోపలి వేడి తగ్గుతుంది. అలా వేడి తగ్గడమే నిద్రకు పిలుపు.

టీ విషయంలో ఆమె చాలా వాదించారు. టీ మానమని నేను అనలేదు. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత వద్దన్నాను. టీలోను, కాఫీలోను ఉండే కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి త్రాగిన కాఫీలో సగం, రాత్రి పదకొండింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. దానికి బదులుగా రెండు చెంచాల ధనియాలు నలగగొట్టి ఒక గ్లాసు నీటిలో మరిగించి, వడగట్టి, కొద్దిగా బెల్లం వేసి త్రాగవచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి రావచ్చు. ఒక్కసారిగా ఆరు నుండి రెండుకు దిగకుండా రోజుకొక కప్పు చొప్పున తగ్గించుకోవడం మేలు.

భోజనం పదిన్నరకు చేసి పదకొండింటికి పడుకొంటే జఠరాగ్ని పనిలో ఉంటుంది, నిద్ర పలుచబడుతుంది. ఎనిమిదిన్నర లోపల, పప్పన్నమో మజ్జిగ అన్నమో తేలికగా ముగించాలి.

పాదాభ్యంగం, పాలు

నిద్రపట్టనివారికి చరకుడు చెప్పిన ఉపాయాలలో అభ్యంగం, ఒళ్ళు పట్టడం, స్నానం, పెరుగన్నం, పాలు, నెయ్యి, మనస్సుకు ఇంపైన సువాసనలు, ధ్వనులు, మంచి పడక, వేళకు పడుకొనడం ఉన్నాయి. వాగ్భటుడు అష్టాంగహృదయంలో, నిత్యం చేయవలసిన అభ్యంగాన్ని తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకించి చేయాలన్నాడు. తలకు రోజూ నూనె పట్టించి ఉద్యోగానికి వెళ్ళడం నేటివారికి కుదరదు. పాదాలకు ఏ అభ్యంతరమూ లేదు.

రెండు చెంచాల గానుగ నువ్వులనూనెను గోరువెచ్చగా చేసి, ఒక్కొక్క పాదానికి ఐదేసి నిమిషాల చొప్పున, మడమనుండి వేళ్ళవైపు మెల్లగా మర్దించాలి. వేళ్ళ సందులు, అరికాలి నడుమ నున్న పల్లం మరువరాదు. తరువాత పాతగుడ్డతో బాగా తుడవాలి. జారిపడినవారిని చూశాను గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను. మధుమేహం ఉండి పాదాలు తిమ్మిరెక్కినవారు, పుండ్లున్నవారు వైద్యుని అడగకుండా చేయరాదు. నూనె వేడి వారికి తెలియదు. ఎవరికి వారు చేసుకొన్నా మంచిదే. ఇంకొకరు చేస్తే మరీ మంచిది.

పాలలో గేదెపాలు ఆవుపాలకంటే గురువు, శీతలం అని, నిద్రలేనివారికి హితమని చరకసంహిత చెబుతోంది. పడుకొనడానికి గంట ముందు ఒక చిన్న గ్లాసు పాలు, అందులో అరగదీసిన జాజికాయ గంధం చిటికెడు. చిటికెడు మాత్రమే. ఎక్కువైతే నిద్ర బాగా పడుతుందని చెంచాడు వేసుకొనేవారున్నారు. జాజికాయ అధికమైతే వాంతులు, గుండెదడ, మతిభ్రమ కలుగుతాయి. గర్భిణులు దీనిని పూర్తిగా మానాలి. పాలు అరగనివారికి ఈ ప్రయోగం అవసరం లేదు.

ఇక చూర్ణాలు. అశ్వగంధ పేరు నేడు ప్రతి ఇంటా వినబడుతోంది. థైరాయిడ్ వ్యాధి ఉన్నవారు, కాలేయం చెడినవారు, గర్భిణులు దానిని సొంతంగా వాడరాదు. సర్పగంధను వైద్యుని చీటీ లేకుండా ముట్టనే కూడదు. అది రక్తపోటును దించుతుంది, మనస్సును క్రుంగదీయగలదు. పరుల దుఃఖంతో అప్పటికే క్రుంగినవారికి అది తగదు. మందుల దుకాణంలో దొరికే నిద్రమాత్రలను వైద్యుని సలహా లేకుండా మొదలుపెట్టరాదు. ఇదివరకే వాడుతున్నవారు ఒక్కసారిగా మానరాదు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకంటే ముందుగా, నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే చికిత్స ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల కళాశాల కూడా సిఫారసు చేసింది.

ఆ చికిత్సలోని ముఖ్యసూత్రం ఒకటి ఇంటివద్దనే ఆచరించదగినది. మంచం నిద్రకే గాని లెక్కలకు, ఫోనుకు, ఆలోచనకు కాదు. పడుకొన్న తరువాత ఇరవై నిమిషాలైనా నిద్ర రానట్లు తోస్తే (గడియారం చూడకూడదు, అంచనా చాలు) లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చొని, ఇదివరకు చదివిన పుస్తకమేదైనా చదువుకొని, కళ్ళు మూతలు పడినప్పుడే తిరిగి మంచమెక్కాలి. ఎన్నిసార్లు లేవవలసి వచ్చినా ఉదయం లేచే వేళ మాత్రం మార్చరాదు. తొలి వారం ఇది కష్టంగానే ఉంటుంది. చాలామంది ఇక్కడే విడిచిపెడతారు. మన సోదరి కూడా నాలుగవ రోజున ‘ఉన్న నిద్ర కూడా పోయింది’ అని ఫోను చేశారు. ఇంకొక వారం ఓపిక పట్టమన్నాను.

మేలుకొనక తప్పని రాత్రులు

కేంద్రంలో రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు, అర్ధరాత్రి ఎవరినో రక్షించి తేవలసి వచ్చినప్పుడు ఈ నియమాలన్నీ చెల్లవు. అందుకు వాగ్భటుడు చక్కని లెక్క చెప్పాడు. అలవాటు లేని జాగరణ చేసినవారు, ఎంతసేపు మేలుకొన్నారో అందులో సగంసేపు మరునాటి ఉదయం భోజనానికి ముందు నిద్రించాలి. నాలుగు గంటలు జాగరణ అయితే రెండు గంటలు. భోజనం చేసి పడుకోవడం కాదు, ఖాళీ కడుపుతో. గదికి మందపాటి తెర వేయాలి. ఇలా చేస్తే పోయిన నిద్ర కొంత పూడుతుంది, ఆ రాత్రి నిద్ర చెడదు.

పగటినిద్ర కఫపిత్తాలను పెంచుతుందని సామాన్యంగా నిషేధించినా, చరకుడు కొందరికి మినహాయింపు ఇచ్చాడు. జాగరణతో, కోపంతో, శోకంతో, భయంతో అలసినవారు ఆ జాబితాలో ఉన్నారు. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కుర్చీలోనే వెనుకకు వాలి కునుకు తీయడం వీరికి దోషం కాదు. కూర్చొని తీసే కునుకు ఒంటికి రూక్షమూ కాదు, జడత్వాన్నీ కలిగించదని ఆచార్యుల మాట. ఆఫీసులో కునుకు తీస్తే పైవారు ఏమనుకుంటారో అన్నది వేరే సమస్య.

ఆ పైవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ముగ్గురు చేయవలసిన పని ఒకరిచేత చేయిస్తూ, ఇరవై నాలుగు గంటలూ ఫోను ఎత్తాలని ఆజ్ఞాపించి, ఆ ఒక్కరికి ‘ఆరోగ్యం చూసుకోండి’ అని ఉపన్యాసమిస్తే ప్రయోజనం లేదు. పాదాలకు ఎంత నూనె రాసినా ఆ కొరత తీరదు. రాత్రి ఫోను వంతులవారీగా ఉండాలి. ఎవరి వంతో వారి ఫోనే మోగాలి. మిగిలినవారు నిశ్చింతగా నిద్రపోవాలి. వారానికి ఒక గంట, అనుభవజ్ఞులైన పెద్దల వద్ద కార్యకర్తలు తమ మనస్సులోని భారం చెప్పుకొనే ఏర్పాటు ఉండాలి. బిగబట్టిన కన్నీటికి అది చోటు. ఆ సోదరి తన సహోద్యోగినులు ఇద్దరితో మాట్లాడి, ముగ్గురూ రెండేసి రాత్రుల చొప్పున వంతులు వేసుకొన్నారు. ఏడవ రాత్రి ఎవరిదన్న తగవు మాత్రం చాలాకాలం తెగలేదట.

ఇంటివారు చేయవలసినది

ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఇటువంటి కోడలో, కూతురో, కొడుకో ఉండవచ్చు. సేవ చేసి వచ్చినవారిని ‘ఇవాళ ఏమి కేసు వచ్చింది?’ అని అడగడం చాలా ఇళ్ళలో అలవాటు. ఆసక్తితో అడిగినా, అది తాళం వేసిన బీరువాను మరల తెరిపించడమే. చరకుడు చెప్పిన ‘ప్రియమైన సంభాషణ’ అంటే ఇంటి సంగతులు. మల్లెపందిరి మొగ్గ తొడిగిందని, చిన్నవాడు లెక్కల్లో మార్కులు తెచ్చుకొన్నాడని, పక్కింటివారి ఆవు ఈనిందని. వారంతట వారు చెప్పుకొంటే వినాలి. సలహాలు ఇవ్వనవసరం లేదు. రాత్రి వంట భారం ఇంకొకరు పంచుకొంటే భోజనం ఎనిమిదిన్నరకు అవుతుంది. ఇది మగవారు గమనించవలసిన విషయం.

కొన్ని లక్షణాలు కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా, మూడు నెలలకు పైగా నిద్ర చెడితే వైద్యుని చూడాలి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు, ఇతరులు చెప్పిన భయంకర సంఘటనలు తమకే జరిగినట్లు కలలు కనేవారు, బ్రతుకు మీద విరక్తి కలిగినవారు ఆలస్యం చేయకూడదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. పరులకు ఈ నంబరు ఎన్నోసార్లు చెప్పి ఉండి, తమకు అవసరమైనప్పుడు చేయడానికి సంకోచించే కార్యకర్తలు ఉంటారు.

ఆరు వారాల తరువాత ఆ సోదరి తిరిగి వచ్చారు. నిద్ర ఆరున్నర గంటలకు చేరింది. ఇప్పటికీ నెలలో మూడు నాలుగు రాత్రులు రెండింటికి మెలకువ వస్తోందట. టీ రెండు కప్పులకు దిగింది. ఆమె అత్తగారు మొదట ‘కోడలి కాళ్ళు నేను పట్టడమేమిటి?’ అన్నా, తరువాత తన మోకాళ్ళ నొప్పులకు కూడా అదే నూనె వెచ్చబెట్టుకొంటూ, రాత్రి తొమ్మిదిన్నరకు అత్తాకోడళ్ళిద్దరూ వంతులవారీగా ఒకరి పాదాలు ఒకరు పట్టుకొంటున్నారు.

వెళ్ళబోతూ గుమ్మం వద్ద ఆగి ఇంకొక సంగతి చెప్పారు. చంటిబిడ్డ తల్లి పన్నెండు రోజులు తన మేనత్త ఇంట ఉండి, తిరిగి కేంద్రానికే వచ్చిందట. ‘ఆ రోజు మీకు ఒంట్లో బాగాలేదా అక్కా?’ అని ఆ అమ్మాయే ముందుగా అడిగిందట. అవునమ్మా, నిద్ర లేదు అని ఈమె చెప్పి, కుర్చీ దగ్గరకు జరుపుకొని, బిడ్డను తన ఒళ్ళోకి తీసుకొని, మొదటినుండి చెప్పమన్నారట.